యూదు మతాన్ని పాత నిబంధన దగ్గర ఆపేస్తే సగమే తెలుస్తుంది

అడిగినవి ఐదు ప్రశ్నలు. యూదు మతాన్ని ఎవరు, ఎప్పుడు స్థాపించారు? వాళ్ల పవిత్ర గ్రంథం బైబిల్లోని పాత నిబంధనేనా? వాళ్ల ముఖ్య విశ్వాసాలు ఏమిటి? యేసును ఎందుకు అంగీకరించరు? మన దేశంలో, మన తెలుగు నేల మీద యూదులు ఉన్నారా? మతాల చరిత్ర బోధించడం చాలాకాలంగా నా వృత్తి కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ఈ విషయంలో తెలుగువాళ్లకు ఒక సౌలభ్యమూ ఒక చిక్కూ ఉన్నాయి. అబ్రాహాము, మోషే, దావీదు, సొలొమోను వంటి పేర్లు క్రైస్తవులు కానివాళ్లకు కూడా చిన్నప్పటి నుంచి చెవిన పడ్డవే. ఆ పేర్లు తెలుసు కాబట్టి ఆ మతమూ తెలుసనుకుంటాం, చిక్కంతా అక్కడే. క్రైస్తవంలోంచి యేసును తీసేస్తే మిగిలేదే యూదు మతమన్న అభిప్రాయం బాగా చదువుకున్నవాళ్లలో కూడా పాతుకుపోయింది. నిజానికి ఈనాడు యూదులు పాటిస్తున్న మతం చాలావరకు రూపుదిద్దుకున్నది పాత నిబంధన రచన ముగిశాక, యెరూషలేము దేవాలయం కూలిపోయిన తరువాతి శతాబ్దాల్లో. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది.

స్థాపకుడి ప్రశ్నకు ఒక్క పేరుతో జవాబు రాదు. సంప్రదాయం చెప్పే కథలో ఇద్దరు ముఖ్యులున్నారు. మొదటివాడు అబ్రాహాము. దేవుడి మాట మీద సొంత దేశాన్నీ తండ్రి ఇంటినీ విడిచి కనాను దేశానికి, అంటే ఇప్పటి ఇశ్రాయేలు ప్రాంతానికి, వచ్చాడు. ఆయన కొడుకు ఇస్సాకు, మనుమడు యాకోబు. యాకోబుకే ఇశ్రాయేలు అనే మరో పేరు, ఆయన పన్నెండుమంది కొడుకుల పేరు మీదే పన్నెండు గోత్రాలు. రెండోవాడు మోషే. ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, బానిసలుగా పడివున్న ఆ గోత్రాల వారిని బయటికి నడిపించి, సీనాయి కొండ దగ్గర ధర్మశాస్త్రాన్ని అందించాడు. సీనాయి దగ్గర దేవుడి స్వరం విన్నది మోషే ఒక్కడే కాదని, అక్కడ నిలబడ్డ జనమంతా విన్నారని యూదుల నమ్మకం. అప్పటికి పుట్టని తరాల వారి ఆత్మలు కూడా అక్కడ ఉన్నాయని రబ్బీల వ్యాఖ్యానం. రబ్బీ అంటే పూజారి కాదు, ధర్మశాస్త్ర పండితుడు, గురువు. మొత్తం మీద ఇక్కడ జరిగింది ఒక జాతి జాతంతా దేవుడితో ఒడంబడిక చేసుకోవడం. అందుకే యూదు తల్లికి పుట్టినవాడు దేవుణ్ణి నమ్మకపోయినా యూదుడే అంటుంది వాళ్ల సంప్రదాయ ధర్మశాస్త్రం. విశ్వాసం పోతే మతం పోతుందనే లెక్క ఇక్కడ పనిచేయదు.

చరిత్రకారులు చెప్పేది కొంత వేరుగా ఉంటుంది. అబ్రాహాము గురించి గానీ, లక్షలమంది ఐగుప్తు విడిచి వెళ్లడం గురించి గానీ బైబిలుకు బయట ఆధారాలు దొరకలేదు. ‘ఇశ్రాయేలు’ అనే పేరు మొదటిసారి కనిపించేది ఐగుప్తు రాజు మెర్నెప్తా వేయించిన శిలాశాసనంలో, సుమారు క్రీ.పూ. 1208లో. అందులో ఉన్న మాట తమాషాగా ఉంటుంది: ఇశ్రాయేలు నాశనమైంది, దాని విత్తనం కూడా మిగల్లేదు అని. ఒక జాతి చరిత్రకెక్కిన తొలి వాక్యమే దాని మరణవార్త. దావీదు వంశం పేరున్న శాసనపు ముక్క 1993లో నేటి ఇశ్రాయేలు దేశపు ఉత్తర ప్రాంతంలోని తెల్ దాన్‌లో దొరికింది, అది క్రీ.పూ. తొమ్మిదో శతాబ్దానిది.

ఏకేశ్వరవాదం మొదటి రోజు నుంచీ గట్టిగా ఉందా అంటే, లేదనే చెప్పాలి. సీనాయి ఎడారిలోని కుంతిల్లత్ అజ్రూద్ అనే చోట దొరికిన క్రీ.పూ. ఎనిమిదో శతాబ్దపు కుండల మీద దేవుడి పేరుతో పాటు అషేరా పేరు కూడా ఉంది. అషేరా కనానీయుల దేవత. ప్రవక్తలు పదే పదే విగ్రహాల మీద విరుచుకుపడ్డారంటే జనం వాటిని పూజిస్తున్నారనే కదా అర్థం. నైలు నదిలోని ఎలిఫెంటీన్ దీవిలో కాపలా సైనికులుగా ఉన్న యూదులు క్రీ.పూ. 525కు ముందే అక్కడ సొంత దేవాలయం కట్టుకున్నారు. అది ధ్వంసమైతే, తిరిగి కట్టుకోవడానికి సాయం చేయమని క్రీ.పూ. 407లో యూదా దేశపు పాలకుడికి వాళ్లు రాసిన లేఖ నేటికీ ఉంది. యెరూషలేములో తప్ప మరెక్కడా బలి అర్పించకూడదన్న ధర్మశాస్త్ర నియమం వాళ్లకు అందిందో లేదో గానీ, ఆ లేఖలో తప్పు చేస్తున్నామన్న భావన మాత్రం ఎక్కడా కనిపించదు.

మలుపు తిప్పింది చెర. ఉత్తరాన ఉన్న ఇశ్రాయేలు రాజ్యం క్రీ.పూ. 722లో అష్షూరు సామ్రాజ్యం చేతిలో పడిపోయింది. దక్షిణాన ఉన్న యూదా రాజ్యాన్ని బబులోను రాజు నెబుకద్నెజరు జయించి క్రీ.పూ. 586లో యెరూషలేమునూ సొలొమోను కట్టించిన దేవాలయాన్నీ నేలమట్టం చేసి, జనాన్ని బబులోనుకు చెరపట్టుకుపోయాడు. ఆ కాలపు లెక్కలో, రాజ్యం ఓడిందంటే దాని దేవుడూ ఓడినట్టే. ప్రజలు గెలిచినవాడి దేవుణ్ణి పూజించుకుంటూ కలిసిపోతారు. ఉత్తర రాజ్యపు పది గోత్రాలు అలాగే కలిసిపోయాయి. యూదావాళ్లు మాత్రం ఆ లెక్కను తలకిందులు చేశారు. ఓడింది దేవుడు కాదు, ఒడంబడిక తప్పిన మనల్ని శిక్షించడానికి ఆయనే బబులోను రాజును పనిముట్టుగా వాడుకున్నాడు అన్నారు. అంటే బబులోను కూడా ఆయన అధీనంలోనే ఉంది, ఆయన తప్ప వేరే దేవుడే లేడు. ఘోర పరాజయంలోంచి పూర్తిస్థాయి ఏకేశ్వరవాదం పుట్టుకొచ్చిన ఈ ఘట్టం నా దృష్టిలో మతాల చరిత్రలోనే అరుదైనది.

క్రీ.పూ. 539లో పారసీక రాజు కోరెషు (సైరస్) బబులోనును పట్టుకుని, చెరలో ఉన్నవాళ్లను తిరిగి వెళ్లనిచ్చాడు. రెండో దేవాలయం సుమారు క్రీ.పూ. 515 నాటికి పూర్తయింది. తరువాతి శతాబ్దంలో ఎజ్రా అనే శాస్త్రి యెరూషలేములో జనాన్నంతా ఒకచోట చేర్చి, పొద్దున్నుంచి మధ్యాహ్నం వరకు ధర్మశాస్త్రాన్ని పైకి చదివి వినిపించాడని నెహెమ్యా గ్రంథం చెబుతుంది. పక్కన నిలబడ్డ లేవీయులు, అంటే దేవాలయ సేవకులు, దాని అర్థం వివరించారట. గ్రంథం పైకి చదవడం, పక్కనే దానికి వివరణ ఇవ్వడం అనే పద్ధతి అక్కడ మొదలై నేటికీ ఆగలేదు.

క్రీ.శ. 70లో రోమన్లు రెండో దేవాలయాన్ని కూడా కూల్చేశారు. బలులు, యాజకులు, ఏటా మూడుసార్లు యాత్రలు, అన్నిటికీ కేంద్రం ఆ దేవాలయమే. మతం అంతటితో ముగిసిపోవలసింది. యోహానాన్ బెన్ జక్కాయ్ అనే వృద్ధ పండితుడిని శిష్యులు శవపేటికలో పెట్టి ముట్టడిలో ఉన్న నగరం నుంచి బయటికి తెచ్చారని, ఆయన రోమన్ సేనాని వెస్పాసియన్‌ను కలిసి ‘యావ్నేనూ అక్కడి పండితులనూ నాకు విడిచిపెట్టు’ అని కోరాడని ఒక కథ ఉంది. కథలో ఎంత నిజమో పక్కన పెడదాం. యావ్నే అనే ఆ చిన్న పట్టణంలో పండితులు చేరి, దేవాలయం లేకుండా మతం ఎలా నడవాలో ఆలోచించారన్నది చరిత్ర. బలి స్థానంలో ప్రార్థన వచ్చింది. యాజకుడి స్థానంలోకి పండితుడు వచ్చాడు. బలిపీఠం ఉండాల్సిన చోట ఇంట్లోని భోజనపు బల్ల నిలిచింది. దేవాలయం పోయిందని ఏడుస్తున్న శిష్యుడితో యోహానాన్, ‘మనకు పాప పరిహారానికి మరో దారి ఉంది, అది పరులకు చేసే మేలు’ అన్నాడని చెబుతారు.

ఇక గ్రంథాల సంగతి. పాత నిబంధన అని క్రైస్తవులు పిలిచేదాన్ని యూదులు తనఖ్ అంటారు. కొత్త నిబంధన అనేది వాళ్లకు లేదు కాబట్టి దీన్ని ‘పాత’ అనడం వాళ్లకు నచ్చదు. ప్రొటెస్టెంట్ బైబిల్లో 39 పుస్తకాలుగా ఉన్నదే వాళ్ల లెక్కలో 24 పుస్తకాలు. పన్నెండు చిన్న ప్రవక్తల గ్రంథాలు ఒకటిగా, సమూయేలు, రాజులు వంటి జంట గ్రంథాలు ఒక్కొక్కటిగా లెక్కిస్తారు. విషయం అదే, వరుస వేరు. క్రైస్తవుల పాత నిబంధన మలాకీ ప్రవక్తతో, రాబోయేవాడి కోసం ఎదురుచూపుతో ముగుస్తుంది. తనఖ్ దినవృత్తాంతాల గ్రంథంతో, కోరెషు ఇచ్చిన ‘వెళ్లి యెరూషలేములో ఆలయం కట్టుకోండి’ అన్న ఆజ్ఞతో ముగుస్తుంది. పుస్తకాల వరుస మారితే కథ ఎటు చూస్తోందో కూడా మారిపోతుంది.

ఇందులో మూడు భాగాలు: తోరా, ప్రవక్తలు, రచనలు. తోరా అంటే ఆదికాండం మొదలు ద్వితీయోపదేశకాండం వరకు ఐదు పుస్తకాలు, అన్నిటికన్నా పవిత్రమైనవి ఇవే. సినగాగ్‌లో, అంటే వాళ్ల ప్రార్థనామందిరంలో, చదివే తోరా అచ్చు పుస్తకం కాదు. జంతుచర్మాన్ని శుభ్రం చేసి తయారుచేసిన పత్రాల మీద, శిక్షణ పొందిన లేఖకుడు పక్షి ఈకతో రాసిన చుట్ట. సంప్రదాయ లెక్క ప్రకారం అందులో 3,04,805 అక్షరాలుంటాయి. జ్ఞాపకం మీద రాయకూడదు, ఎదుట ఉన్న ప్రతిని చూసి, ప్రతి పదాన్నీ పైకి పలికి రాయాలి. పూర్తి కావడానికి ఏడాది దాకా పడుతుంది. ఒక్క అక్షరం చెదిరినా, సరిచేసేదాకా ఆ చుట్ట చదవడానికి పనికిరాదు. మామూలు మాటలో తప్పు దొర్లితే గీకి దిద్దుకోవచ్చు. దేవుడి పేరు రాయడంలో తప్పు దొర్లితే మాత్రం చెరపకూడదు, ఆ పత్రాన్నే తీసేసి పూడ్చిపెట్టాలి. చదివేటప్పుడు వేలు తగలకుండా, చివర చిన్న చేయి ఆకారం ఉన్న వెండి పుల్లతో వరుసలు చూపిస్తారు. వారానికొక భాగం చొప్పున ఏడాదిలో తోరా మొత్తం పూర్తి చేసి, మోషే మరణం చదివిన రోజునే మళ్లీ ‘ఆదియందు’ అంటూ మొదలుపెడతారు. ఆ రోజు చుట్టలను ఎత్తుకుని నాట్యం చేస్తారు.

దేవుడి పేరు ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. తెలుగు బైబిల్లో వేలసార్లు కనిపించే ‘యెహోవా’ అనే పేరును యూదులు నోట పలకరు. గ్రంథంలో ఆ నాలుగక్షరాలు కనిపించిన చోట ‘అదోనాయ్’ (ప్రభువు) అని చదువుతారు, మామూలు సంభాషణలో ‘హషేమ్’ (ఆ పేరు) అంటారు. యూదు స్నేహితుల ఎదుట ఆ పేరు ఉచ్చరించకపోవడం మర్యాద.

తోరాతో పాటు మోషేకు నోటిమాటగా మరో బోధ అందిందని, అది గురుశిష్య పరంపరగా వచ్చిందని సంప్రదాయం నమ్మకం. దేవాలయం పోయి, పండితులు చెల్లాచెదురై, ఆ పరంపర తెగిపోయే ప్రమాదం వచ్చినప్పుడు యూదా హనాసీ అనే పండితుడు దాన్ని సుమారు క్రీ.శ. 200లో క్రోడీకరించాడు. అదే మిష్నా, ఆరు విభాగాలు, 63 గ్రంథాలు. దాని మీద మూడు వందల ఏళ్లకు పైగా జరిగిన చర్చ పేరు గెమారా. రెండూ కలిస్తే తల్మూద్. గలిలయలో తయారైనది యెరూషలేము తల్మూద్, ఇప్పటి ఇరాక్‌లోని సూరా, పుంబెదితా వంటి విద్యాకేంద్రాల్లో తయారైనది బబులోను తల్మూద్. రెండోదానికే ప్రామాణ్యం ఎక్కువ.

తల్మూద్ ఎలా ఉంటుందో మొదటి పుటతోనే చూపిస్తాను. దేవుడెవరు, సృష్టి ఎలా జరిగింది అని మొదలవుతుందనుకుంటే పొరపాటే. మొదటి వాక్యం ఒక ప్రశ్న: సాయంత్రం ‘షెమా’ ఎప్పటి నుంచి చదవాలి? షెమా అంటే ‘ఇశ్రాయేలూ వినుము’ అంటూ మొదలయ్యే ప్రార్థన. ఎలియేజర్ అనే రబ్బీ రాత్రి మొదటి జాము ముగిసేవరకు చదవవచ్చు అంటాడు. పండితులు అర్ధరాత్రి దాకా అంటారు. గమ్లియేలు తెల్లవారేదాకా అంటాడు. వెంటనే ఒక చిన్న సంఘటన. గమ్లియేలు కొడుకులు విందు నుంచి అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చి, ‘నాన్నా, షెమా చదవలేదు’ అన్నారు. ‘తెల్లవారలేదు కదా, ఇప్పుడైనా చదవాల్సిందే’ అన్నాడాయన. మరి పండితులు అర్ధరాత్రి అని గడువు ఎందుకు పెట్టారు? మనిషి బద్ధకించి తప్పులో పడకుండా. ఇంతలో గెమారా కలగజేసుకుని, అసలు షెమా చదవాలని ఎక్కడుంది, చెప్పకుండానే ‘ఎప్పటి నుంచి’ అని ఎలా అడుగుతున్నావు, పొద్దుటి సంగతి విడిచి సాయంత్రంతో ఎందుకు మొదలుపెట్టావు అని మిష్నానే నిలదీస్తుంది. సృష్టి కథలో ‘అస్తమయమును ఉదయమును కలుగగా’ అని సాయంత్రమే ముందు వచ్చింది కదా అని జవాబు. యూదుల దినం సాయంత్రంతో మొదలయ్యేది అందుకే.

అచ్చు ప్రతిలో ఈ వాదమంతా పుట మధ్యలో ఉంటుంది. ఒక పక్క పదకొండో శతాబ్దపు ఫ్రెంచి పండితుడు రాషీ వ్యాఖ్య, మరో పక్క ఆయన మనుమలు, వాళ్ల శిష్యులు ఆ వ్యాఖ్య మీద లేవనెత్తిన అభ్యంతరాలు. సూత్రం, భాష్యం, టీక వరుసలో శాస్త్రాలు చదివిన మన పండితులకు ఈ అమరిక చూడగానే అర్థమవుతుంది. ఈ రూపంలో మొత్తం తల్మూద్‌ను మొదట అచ్చువేసింది వెనిస్ నగరంలోని డేనియల్ బాంబెర్గ్, 1520 తరువాతి రెండు మూడేళ్లలో. ఆయన క్రైస్తవుడు కావడం విశేషం. రోజుకొక పత్రం చొప్పున చదివితే మొత్తం 2,711 రోజులు, ఏడున్నర ఏళ్లు. 1923లో మెయిర్ షపీరో అనే రబ్బీ ప్రతిపాదించిన ఈ పద్ధతిలో ప్రపంచమంతటా యూదులు ఒకేరోజు ఒకే పత్రం చదువుతున్నారు.

వాదనకు ఆ మతం ఇచ్చే విలువ తెలియాలంటే తల్మూద్‌లోనే ఉన్న పొయ్యి కథ వినాలి. ఒక రకం మట్టిపొయ్యికి మైల అంటుతుందా లేదా అని చర్చ. అంటదన్నాడు ఎలియేజర్. మిగతావాళ్లు ఒప్పుకోలేదు. ‘నా మాట నిజమైతే ఆ చెట్టు సాక్ష్యమిస్తుంది’ అన్నాడు. చెట్టు పెకిలి దూరంగా పడింది. చెట్టు సాక్ష్యం చెల్లదన్నారు. కాలువ వెనక్కి పారింది, అదీ చెల్లదన్నారు. చివరికి ఆకాశవాణి పలికింది, ఎలియేజర్ చెప్పిందే సరైనదని. అప్పుడు యెహోషువ అనే రబ్బీ లేచి నిలబడి ద్వితీయోపదేశకాండంలోని మాట అప్పజెప్పాడు: ‘ధర్మశాస్త్రం ఆకాశంలో లేదు.’ భూమి మీదకు ఇచ్చేసిన శాస్త్రానికి ఇక్కడి పండితుల్లో ఎక్కువమంది చెప్పిందే తీర్పు, ఆకాశవాణికి ఓటు లేదు అని అర్థం. ఆ సమయంలో దేవుడేమి చేశాడని తరువాత ఏలీయా ప్రవక్తను అడిగితే, నవ్వి ‘నా పిల్లలు నన్ను ఓడించారు’ అన్నాడని చెప్పాడట. సాక్షాత్తు దేవుడే వాదనలో ఓడి సంతోషించినట్టు పవిత్ర గ్రంథంలోనే రాసుకున్నవాళ్లు మరొకరున్నారా అని నాకెప్పుడూ ఆశ్చర్యమే. ఇక్కడితో ఆపితే మాత్రం అర్ధసత్యం అవుతుంది. కథ చివర ఆ పండితులు ఎలియేజర్‌ను వెలివేస్తారు, ఆయన దుఃఖం వల్ల జరిగిన అనర్థాలను కూడా తల్మూద్ దాచకుండా చెబుతుంది.

విశ్వాసాల విషయానికి వస్తే, క్రైస్తవుల విశ్వాస ప్రమాణం లాంటిది వీళ్లకు చాలాకాలం లేనేలేదు. పన్నెండో శతాబ్దంలో స్పెయిన్ దేశపు కొర్దోబాలో పుట్టి, ఐగుప్తులో స్థిరపడిన మైమొనిడిస్ అనే వైద్యుడు, తత్వవేత్త పదమూడు సూత్రాలు కూర్చాడు. దేవుడు ఒక్కడే, ఆయనకు శరీరం లేదు, ఆయనకు తప్ప మరెవరికీ ప్రార్థన చేయరాదు, తోరా ఆయన ఇచ్చినదే, దానికి మార్పు లేదు, మెస్సీయ వస్తాడు, మృతులు లేస్తారు. ఇవి వాటిలో ముఖ్యమైనవి. వాటికీ అభ్యంతరాలు వచ్చాయి. పదిహేనో శతాబ్దంలో యోసేపు ఆల్బో అనే పండితుడు పదమూడు అక్కర్లేదు, మూలసూత్రాలు మూడే చాలన్నాడు. ఎన్ని నమ్మాలన్న దాని మీదే ఇంత వాదం నడిచిందంటే, నమ్మకం కన్నా ఆచరణకే అక్కడ పెద్దపీట అని గ్రహించవచ్చు. తోరాలో ఆజ్ఞలు 613 అని సంప్రదాయ గణన: చేయవలసినవి 248, చేయకూడనివి 365. చాలామటుకు దేవాలయానికీ బలులకూ సంబంధించినవి కావడంతో ఇప్పుడు వాటికి ఆచరణ లేదు.

ఒక అన్యుడు షమ్మాయి అనే పండితుడి దగ్గరికి వెళ్లి, ‘నేను ఒంటికాలి మీద నిలబడి ఉండగా తోరా అంతా చెప్పు, నీ మతంలో చేరతాను’ అన్నాడట. షమ్మాయి కొలబద్దతో తరిమేశాడు. హిల్లేలు దగ్గరికి వెళితే, ‘నీకు ఏది అప్రియమో అది ఎదుటివాడికి చేయకు. తోరా అంతా ఇదే, మిగిలినది వ్యాఖ్యానం. వెళ్లి చదువుకో’ అన్నాడు. ‘ఒరులేయవి యొనరించిన’ అని మొదలయ్యే తిక్కన పద్యం కంఠస్థం వచ్చినవాళ్లకు మొదటి సగం కొత్తగా అనిపించదు. హిల్లేలు ముద్ర ఉన్నది చివరి ‘వెళ్లి చదువుకో’లో. ఈ ఇద్దరి శిష్యవర్గాలూ చాలా విషయాల్లో విభేదించాయి. ఇరువురివీ సజీవుడైన దేవుడి మాటలే, ఆచరణ మాత్రం హిల్లేలు వర్గం ప్రకారం అని తల్మూద్ తేల్చింది. కారణం, వాళ్లు సౌమ్యులు, తమ అభిప్రాయం కన్నా ముందు ఎదుటివారి అభిప్రాయాన్ని బోధించేవారు.

ఆచరణలో అన్నిటికన్నా పెద్దది షబ్బాత్, శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం రాత్రి నక్షత్రాలు కనిపించేవరకు విశ్రాంతి. ఇంటి ఇల్లాలు దీపాలు వెలిగించి, కళ్లు మూసుకుని ప్రార్థిస్తుంది. బల్ల మీద గుడ్డ కప్పిన రెండు రొట్టెలు, ద్రాక్షారసం. పని చేయకూడదన్న ఆజ్ఞకు రబ్బీలు 39 రకాల పనుల జాబితా ఇచ్చారు: దున్నడం, విత్తడం, నేయడం, రాయడం, నిప్పు వెలిగించడం వగైరా. విద్యుత్ స్విచ్ నొక్కడం వీటిలోకి వస్తుందా అన్నది ఆధునిక కాలపు చర్చ, వస్తుందనే నిష్ఠాపరులు పాటిస్తారు. అయితే ప్రాణాపాయం ఉన్నచోట షబ్బాత్ నియమం ఆగదు. రోగిని ఆసుపత్రికి తీసుకెళ్లడానికి కారు నడపడం ఆ రోజు తప్పు కాదు, విధి.

ఆహార నియమాలు మన వంటింట్లోకి తెచ్చి చూస్తే తేలిగ్గా అర్థమవుతాయి. నెమరువేసి, గిట్టలు చీలిన జంతువులే తినాలి, అవీ నియమం ప్రకారం కోసి, రక్తం పోయేలా ఉప్పువేసి కడిగినవి. చేపకు రెక్కలూ పొలుసులూ ఉండాలి. అంటే బొచ్చె, పులస తినవచ్చు. రొయ్య, పీత, వాలుగ కూడదు. మేకపిల్లను దాని తల్లిపాలలో వండకూడదని తోరాలో మూడుసార్లు ఉంది. అందులోంచి మాంసం, పాలు కలిపి వండకూడదు, కలిపి తినకూడదు, పాత్రలు కూడా వేరుగా ఉండాలి అనేదాకా వెళ్లారు. కోడికూరతో తిని చివర పెరుగన్నం కలుపుకోవడం కుదరదన్నమాట. చాలామంది ఆరు గంటలు ఆగుతారు.

పాపం గురించి వాళ్ల ఆలోచన క్రైస్తవుల దానికి దూరంగా ఉంటుంది. ఆదాము పాపం ప్రతి మనిషికీ పుట్టుకతో సంక్రమించిందని, దాని నుంచి విడిపించడానికి రక్షకుడు కావాలని వాళ్లు అనుకోరు. మనిషిలో మంచి ప్రవృత్తీ చెడు ప్రవృత్తీ రెండూ ఉంటాయి, తప్పు చేస్తే పశ్చాత్తాపపడి మళ్లాలి. ఏడాదికొకసారి ప్రాయశ్చిత్త దినం, యోమ్ కిప్పూర్ వస్తుంది. ఇరవై ఐదు గంటల నిర్జల ఉపవాసం. అయితే ఆ రోజు దేవుడు క్షమించేది తన పట్ల చేసిన తప్పుల్నే. సాటి మనిషికి చేసిన తప్పును ఆ మనిషి క్షమించేదాకా దేవుడు కూడా క్షమించడని మిష్నా స్పష్టంగా చెబుతుంది. అందుకే ఆ పండుగకు ముందు రోజుల్లో వెళ్లి క్షమాపణలు అడుగుతారు, బాకీలు తీరుస్తారు.

మరి యేసు? ఇక్కడ జవాబు సూటిగానే ఉంది. మెస్సీయ అంటే యూదుల దృష్టిలో దేవుడి అవతారం కాదు. దావీదు వంశంలో పుట్టే మనిషి, రాజు. ఆయన వచ్చాడనడానికి గుర్తులు లోకంలో కనబడాలి: చెదిరిన ఇశ్రాయేలు తిరిగి చేరాలి, ఆలయం నిలవాలి, యుద్ధాలు ఆగాలి. అవి జరగలేదు కాబట్టి ఆయన ఇంకా రాలేదు. దేవుడు మనిషిగా పుట్టడం, ఏకత్వంలో త్రిత్వం వంటివి దేవుడు ఒక్కడేనని చాటే షెమా ప్రార్థనకే విరుద్ధమని వాళ్ల వాదన. యెషయా 53వ అధ్యాయంలోని బాధపడే సేవకుడిలో క్రైస్తవులు యేసును చూస్తే, రాషీ మొదలైన వ్యాఖ్యాతలు ఇశ్రాయేలు జాతిని చూశారు. యేసు మీద ద్వేషం వాళ్ల మతంలో ఒక విశ్వాసమేమీ కాదు. నిజానికి ఆ మతపు చట్రంలో ఆయనకు స్థానం లేదు, అంతే.

‘ఎన్నుకోబడిన జాతి’ అన్న మాట మీద అపోహలెక్కువ. దాని అర్థం గొప్పవాళ్లమని కాదు, బాధ్యత ఎక్కువ అని. ‘మిమ్మల్ని మాత్రమే ఎరిగి ఉన్నాను, కాబట్టే మీ తప్పులకు మిమ్మల్ని శిక్షిస్తాను’ అంటాడు ఆమోసు ప్రవక్త నోట దేవుడు. మిగతా మానవాళి అంతా 613 ఆజ్ఞలు పాటించనక్కర్లేదు. నోవహు సంతతికి చెప్పిన ఏడు నియమాలు చాలు: విగ్రహారాధన, దైవదూషణ, హత్య, దొంగతనం, వ్యభిచారం మానడం, బతికున్న జంతువు నుంచి కోసిన మాంసం తినకపోవడం, న్యాయస్థానాలు నెలకొల్పడం. అందుకే వాళ్లు మతప్రచారం చేయరు.

మరణానంతరం గురించి తోరా దాదాపు మౌనం. మృతులు లేస్తారన్న నమ్మకం తరువాత బలపడింది, దాన్ని రెండో దేవాలయ కాలపు యాజక వర్గమైన సద్దూకయ్యులు తోసిపుచ్చారు. పదమూడో శతాబ్దపు స్పెయిన్‌లో వెలుగులోకి వచ్చిన మార్మిక గ్రంథం జోహార్‌తో విస్తరించిన కబ్బాలా అనే మార్మిక మార్గంలో పునర్జన్మ కూడా ఉందని చెబితే మనవాళ్లు నమ్మరు, కానీ ఉంది. తల్లిదండ్రులు పోయినప్పుడు పదకొండు నెలలు చదివే కద్దీష్ ప్రార్థనలో మరణం అనే మాటే ఉండదు, మొదటి నుంచి చివరి దాకా దేవుడి స్తుతే. ఇక నిష్ఠాపరులు, మధ్యేవాదులు, సంస్కరణవాదులు అనే శాఖల మధ్య తేడా అంతా ధర్మశాస్త్రం ఎంతవరకు మారవచ్చు అన్నదాని మీదే. అదో పెద్ద కథ, ఇక్కడ వద్దు.

మన దేశం సంగతి. కొచ్చిన్ యూదుల పెద్ద యోసేపు రబ్బాన్‌కు చేర రాజు భాస్కర రవివర్మ సుమారు క్రీ.శ. 1000లో రాగిరేకుల మీద హక్కులు రాసిచ్చాడు. మట్టాంచేరిలో 1568లో కట్టిన పరదేశి సినగాగ్ ఇప్పటికీ ఉంది. నేల మీద నీలిరంగు చైనా పలకలు, పైన గాజు దీపాలు, విగ్రహమన్నది లేదు. కొంకణ తీరంలోని బెనె ఇశ్రాయేలు వాళ్లు నూనె గానుగలు ఆడేవాళ్లు, శనివారం గానుగ ఆపేసేవాళ్లు కాబట్టి చుట్టుపక్కల జనం వాళ్లను శనివారపు తేలీలు, అంటే శనివారపు గానుగవాళ్లు, అని పిలిచారు. గ్రంథాలు అందుబాటులో లేకపోయినా శనివారం నిలిచింది చూశారా! పదిహేడో శతాబ్దంలో పోర్చుగీసు యూదు వర్తకులు మద్రాసులో దిగిందే గోల్కొండ వజ్రాల కోసం. అదే కాలంలో పారసీకం నుంచి వచ్చిన సర్మద్ అనే యూదు మూలాల సూఫీ హైదరాబాదులో ఉన్నాడు. ఆయన శిష్యుడు అభయ్‌చంద్ చేసిన ఆదికాండపు పారసీక అనువాదం కొంత, మతాల గురించి పారసీకంలో రాసిన దబిస్తాన్ అనే గ్రంథంలో చేరింది.

తెలుగు మాట్లాడే యూదులుగా తమను చెప్పుకునేవాళ్లు గుంటూరు ప్రాంతంలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో ఉన్నారు. బెనె ఎఫ్రాయిం అంటారు, ఎఫ్రాయిము గోత్రపు సంతతి అని. మాదిగ కుటుంబాల నుంచి వచ్చి, ఒకప్పుడు క్రైస్తవులుగా ఉన్నవాళ్లు. 1990ల తొలినాళ్లలో సినగాగ్ ఏర్పాటు చేసుకున్నారు, షబ్బాత్ పాటిస్తారు, హీబ్రూ నేర్చుకుంటారు. మణిపూర్, మిజోరంలలోని బెనె మెనాషే వాళ్లను 2005లో ఇశ్రాయేలు ప్రధాన రబ్బీలలో ఒకరు ఇశ్రాయేలు సంతతిగా గుర్తించారు, అయినా వలస వెళ్లేవాళ్లు మతస్వీకార విధి పూర్తిచేయాల్సిందే. బెనె ఎఫ్రాయిం వాళ్లకు అలాంటి గుర్తింపు ఇంకా రాలేదు. ఆ విధి ఏమిటంటే, ముందు చదువు, తరువాత ముగ్గురు సభ్యుల రబ్బీల న్యాయసభ ముందు హాజరై ఆజ్ఞలన్నీ పాటిస్తానని ఒప్పుకోవడం, పురుషులకు సున్నతి, చివరగా అందరికీ మిక్వే అనే నీటితొట్టిలో పూర్తి మునక. అడగ్గానే చేర్చుకోరు; వచ్చినవాణ్ణి మొదట నిరుత్సాహపరచి, పట్టుదల చూశాకే చదువు మొదలుపెట్టించడం వాళ్ల ఆనవాయితీ.